చీమకుర్తి నల్లరాయిని ఏమని పిలవాలి?

ఒంగోలు నుంచి చీమకుర్తి వైపు వెళ్లే దారిలో లారీల మీద పెద్ద పెద్ద నల్లటి రాతి దిమ్మలు ఎదురవుతుంటాయి. ఒక్కో లారీకి ఒకటో రెండో, అంతే. ఆ దిమ్మను కోసి పాలిష్ పడితే నల్లటి రాతిలో బంగారు రంగు చుక్కలు బయటపడతాయి. కరెంటు పోయిన రాత్రి డాబా మీద పడుకుని చూసిన ఆకాశం గుర్తొస్తుంది. అందుకే వ్యాపారంలో దాన్ని 'బ్లాక్ గెలాక్సీ గ్రానైట్' అంటారు. ఎన్నో దేశాల వంటిళ్లలో, హోటళ్లలో మన చీమకుర్తి రాయి ఉంది.

జియాలజీ పాఠాలు చెప్పే పని నాది. ఏటా కొత్తగా చేరిన పిల్లలను రామతీర్థం దగ్గరి క్వారీలకు తీసుకెళ్తాను. అక్కడ నేను చెప్పే మొదటి మాటకే వాళ్లు తెల్లబోతారు. ఇది గ్రానైట్ కాదు అంటాను. ఒకసారి ఒకమ్మాయి వెంటనే అడిగింది. వాళ్ల నాన్న పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. "అదేంటి సార్, బిల్లు మీద కూడా గ్రానైట్ అనే రాస్తారు కదా?"

రాస్తారు. బిల్లు తప్పేమీ కాదు. వ్యాపారంలో గట్టిగా ఉండి, పాలిష్ నిలిచి, పులుసు ఒలికినా చెక్కుచెదరని రాయి దాదాపు ఏదైనా గ్రానైటే. భూగర్భ శాస్త్రంలో మాత్రం ఆ పేరు రావాలంటే రాతిలో కొన్ని కంటికి కనపడాలి. చీమకుర్తి రాతిలో అవి కనపడవు. ఏమి కనపడాలి, ఎలా చూడాలి అన్నది అర్థమైతే రాళ్ల పేర్ల గందరగోళం చాలావరకు తీరిపోతుంది.

బడిలో మనం నేర్చుకున్నది మూడు రకాలు. కరిగిన శిలాద్రవం చల్లారితే అగ్నిశిల. ఇసుకా మట్టీ పేరుకుని గట్టిపడితే అవక్షేప శిల. ఉన్న రాయే వేడికీ ఒత్తిడికీ మారిపోతే రూపాంతర శిల. పరీక్షకు ఇది సరిపోతుంది. చిక్కేమిటంటే ఇది పుట్టుకను బట్టి చేసిన విభజన. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని గట్టి రాళ్లలో చాలావి వంద కోట్ల ఏళ్లు దాటినవి. అవి పుట్టేటప్పుడు చూసినవాళ్లెవరూ లేరు. మన చేతిలో ఉన్నది రాయి ఒక్కటే. కాబట్టి జియాలజిస్టు పని వెనక నుంచి ముందుకు నడుస్తుంది. కనపడేది రాసుకోవాలి, దాన్నిబట్టి పేరు పెట్టాలి, ఆ తర్వాతే పుట్టుక మాట ఎత్తాలి. ఈ వరుస తప్పితే మనం అనుకున్నదే రాతిలో కనపడటం మొదలవుతుంది. పిల్లల నోటుపుస్తకాల్లో నేను దిద్దే తప్పుల్లో సగం ఇలాంటివే.

చూడటానికి కూడా ఒక పద్ధతి ఉంది. ఎండకూ వానకూ వందల ఏళ్లు నానిన రాయి పైకి ఎర్రగానో, బూడిద రంగుగానో, నాచు పట్టో ఉంటుంది. అది చూసి పేరు పెట్టకూడదు. సుత్తితో ఒక పెచ్చు లేపి, అప్పుడే విరిగిన ముఖాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పుతూ చూడాలి. జేబులో పది రెట్లు పెద్దగా చూపే చిన్న లెన్స్, ఒక చాకు, ఒక అయస్కాంతం, పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న చిన్న సీసా ఉంటే చాలు. వాటితో పాటు చెవి కూడా పనికొస్తుంది. క్వారీలో ఒక మేస్త్రీ బ్లాకు మీద సుత్తితో కొట్టి చూపించాడు. ఖంగుమని మోగితే మంచి రాయి, మొద్దుగా మూగగా పలికితే లోపల బీట ఉన్నట్టు. ఆ మాటలో ఎంతో పనితనం ఉంది.

ఇక మొదటి ప్రశ్న. రాతిలోని పలుకులు ఒకదానితో ఒకటి ఎలా ఉన్నాయి? మూడు రకాల పొందిక కనిపిస్తుంది. పలుకులు ఒకదాని సందుల్లోకి ఒకటి చొచ్చుకుపోయి, మధ్యలో ఖాళీ లేకుండా అల్లుకుపోయి, ఏ దిక్కుకూ వరుస లేకుండా ఉంటే ద్రవం గడ్డకట్టిన రాయి కావచ్చు. విడివిడి రేణువులను ఏదో బంక అతికించినట్టు ఉంటే, ఒక చుక్క నీళ్లు వేస్తే పీల్చుకుంటే, అవక్షేప శిల కావచ్చు. పలుకులన్నీ ఒకే వైపు తిరిగి, పొరలుగా, చారలుగా సర్దుకుని ఉంటే ఒత్తిడికి లోనైన రాయి కావచ్చు. 'కావచ్చు' అనే మాటను కావాలనే మూడుసార్లు వాడాను. పాలరాయిలో, క్వార్ట్‌జైట్‌లో పలుకులు అల్లుకుపోయే ఉంటాయి, కానీ అవి రూపాంతర శిలలు. ఒక్క లక్షణం మీద తీర్పు చెప్పలేం.

ఇప్పుడు చీమకుర్తి రాతి దగ్గరికి వద్దాం. అందులో పలుకులు అల్లుకుపోయి ఉన్నాయి, లెన్స్ లేకుండానే విడివిడిగా కనిపిస్తున్నాయి. ఇలాంటి రాతిలో రెండు సంగతులు చూస్తారు. పలుకు ఎంత పెద్దది, ఏ ఖనిజాలు ఎంతెంత ఉన్నాయి.

పలుకు పరిమాణం ముఖ్యంగా చల్లారడానికి పట్టిన సమయాన్ని చెబుతుంది. ఇస్కపల్లి వైపు ఉప్పు మడుల్లో చూసినవాళ్లకు ఇది తెలుసు. నీరు నిదానంగా ఆవిరైతే కల్లుప్పు పెద్ద పలుకులుగా కడుతుంది, తొందరగా ఆరితే సన్నగా ఉంటుంది. శిలాద్రవం భూమి లోతుల్లో నెమ్మదిగా చల్లారితే పలుకులు పెద్దవవుతాయి, పైకి ఉబికి గాలికి చప్పున ఆరితే లెన్స్‌కు కూడా అందనంత సన్నగా ఉంటాయి. ఒకే రకం ద్రవం లోతులో ఆరితే గాబ్రో, బీటల్లోకి దూరి సన్నటి గోడలా ఆరితే డాలరైట్, పైకి లావాగా పారి ఆరితే బసాల్ట్. సరుకు ఒకటే, ఆరిన తీరు వేరు, పేర్లు మూడు. గ్రానైట్‌కు కూడా పైకి పారిన జోడీ ఉంది, దాన్ని రయోలైట్ అంటారు.

ఖనిజాల లెక్క దగ్గరే గ్రానైట్ పేరు తేలుతుంది. గ్రానైట్‌లో ముఖ్యంగా ఉండేవి క్వార్ట్‌జ్, రెండు రకాల ఫెల్డ్‌స్పార్‌లు. క్వార్ట్‌జ్ అంటే మన పలుగురాయే. ఈ లేత రంగు ఖనిజాలను మాత్రమే వంద పాళ్లుగా తీసుకుంటే వాటిలో క్వార్ట్‌జ్ 20 నుంచి 60 పాళ్ల మధ్య ఉండాలి. ఇది ఎవరి ఇష్టానుసారమో పెట్టిన అంకె కాదు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఆల్బర్ట్ స్ట్రెకైజెన్ ముందుండి నడిపిన అంతర్జాతీయ కమిటీ 1970లలో తేల్చిన పద్ధతి ఇది. అంతకుముందు ఒక్కో దేశంలో ఒక్కో పేరు, ఒకే పేరుకు నాలుగు అర్థాలు ఉండేవి.

క్వార్ట్‌జ్‌నూ ఫెల్డ్‌స్పార్‌నూ వేరు చేయడం ఈ పని మొత్తంలో ముఖ్యమైన నైపుణ్యం. విరిగిన ముఖాన్ని ఎండలో నెమ్మదిగా తిప్పండి. కొన్ని పలుకులు ఒక్కసారిగా చిన్న అద్దం ముక్కల్లా తళుక్కుమని మళ్లీ ఆరిపోతాయి. అవి ఫెల్డ్‌స్పార్‌లు. వాటికి చదునుగా విరిగే గుణం ఉంది కాబట్టి ఆ చదును ముఖం ఎండకు ఎదురైన క్షణంలో మెరుస్తుంది. ఇంకొన్ని పలుకులు ఎటు తిప్పినా ఒకేలా, నూనె రాసిన గాజులా, కాస్త బూడిద రంగుగా ఉంటాయి. అవి క్వార్ట్‌జ్. గాజు సీసా పగిలినట్టు వంకరగా విరుగుతుంది, చదును ముఖం ఇవ్వదు. ఈ తేడా ఒకసారి కంటికి అలవాటైతే మరి మరచిపోరు.

చీమకుర్తి రాతిని ఎంత తిప్పినా క్వార్ట్‌జ్ అంతగా దొరకదు. ఉన్నది ప్లేజియోక్లేజ్ అనే ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ అనే ముదురు ఖనిజాలు. ఇది గాబ్రో కుటుంబం. అందులో పైరాక్సీన్‌లోనే ఒక రకమైన ఆర్థోపైరాక్సీన్ కూడా బాగా ఉంది కాబట్టి ఇంకాస్త ఖచ్చితంగా గాబ్రోనోరైట్ అంటారు. ఆ బంగారు చుక్కలు కూడా ఆ ఆర్థోపైరాక్సీన్ పలుకులే. అందులో బంగారం ఏమీ లేదు. ఖనిజం లోపల ఒకే తలంలో పరుచుకున్న అతి సన్నటి రేకుల్లాంటి వేరే పదార్థాలు వెలుగును తిప్పికొడతాయి. ఆ చుక్కను కదిలించి చూస్తే ఒక కోణంలో మెరిసి, ఇంకో కోణంలో గోధుమ రంగుకు తిరుగుతుంది.

బరువు కూడా సాక్ష్యమే. ఒక లీటరు చోటు పట్టే గ్రానైట్ ముక్క సుమారు 2.7 కిలోలు తూగితే, గాబ్రో ముక్క సుమారు 3 కిలోలు తూగుతుంది. ఇనుము, మెగ్నీషియం ఉన్న ముదురు ఖనిజాల బరువు అది. ఘనమీటరుకు 3 టన్నులు. లారీలో ఒకటి రెండు దిమ్మలే ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసింది.

రంగు సంగతి చెప్పాలి, ఎందుకంటే అందరూ ముందు చూసేది అదే, ఎక్కువగా మోసం చేసేదీ అదే. ముదురు రంగు రాతిలో ఇనుము, మెగ్నీషియం ఖనిజాలు ఎక్కువ, లేత రంగు రాతిలో సిలికా, అంటే క్వార్ట్‌జ్ తయారయ్యే సరుకు, ఎక్కువ అన్నది మామూలుగా నిజమే. కానీ ప్లేజియోక్లేజ్ లెక్కకు లేత ఖనిజమైనా కొన్ని రాళ్లలో ముదురు బూడిద రంగులో ఉంటుంది. ఆబ్సిడియన్ అనే అగ్నిపర్వత గాజు బొగ్గులా నల్లగా ఉంటుంది, దాని సరుకు మాత్రం గ్రానైట్‌కు దగ్గర. కాబట్టి 'నల్లది', 'తెల్లది' అని రాయొద్దని, నల్లగా ఉన్న ఖనిజం ఏది, ఎన్ని పాళ్లు అని రాయమని పిల్లలకు చెబుతాను.

అసలైన గ్రానైట్ చూడాలంటే కనిగిరి వెళ్లండి. ఊరి మీదికి వంగినట్టున్న కొండ గ్రానైటే. ఇక్కడ రాతి పేరు పుస్తకంలో ఆగిపోదు. కనిగిరి గ్రానైట్‌లో ఫ్లోరైట్ అనే ఫ్లోరిన్ ఖనిజం ఉంది. నల్ల మైకాలో, అంటే నల్ల అభ్రకంలో, కూడా ఫ్లోరిన్ చేరుతుంది. అలాంటి రాతి బీటల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలోకి అది నెమ్మదిగా దిగుతుంది. ఆ చుట్టుపక్కల పళ్లు గారపట్టిన పిల్లలను, నడుము వంగిపోయిన పెద్దవాళ్లను చూసినవాళ్లకు దాని ఫలితం చెప్పనక్కర్లేదు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రమాణం. బోరు వేసే ముందు కింద ఉన్నది ఏ రాయో, అందులో ఏ ఖనిజాలున్నాయో అడగడం ఆ ప్రాంతంలో ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న.

క్వార్ట్‌జ్ ఉందా లేదా అన్న ప్రశ్న ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ఉమ్మడి ప్రకాశం జిల్లా సంతమాగులూరు మండలంలోని ఎల్చూరును ఎప్పుడూ ప్రస్తావిస్తాను. అక్కడి రాయి దూరం నుంచి చూస్తే లేత గ్రానైట్‌లాగే ఉంటుంది. అందులో ఉన్నది నెఫెలిన్. క్వార్ట్‌జ్‌కు దగ్గర పోలికలున్న ఈ ఖనిజం క్వార్ట్‌జ్‌తో కలిసి ఉండదు. ద్రవంలో సిలికా మిగిలి ఉంటే నెఫెలిన్ దానితో కలిసి ఫెల్డ్‌స్పార్ అయిపోతుంది. ఒకటి ఉంటే రెండోది లేనట్టే. ఇక్కడ మాత్రం, పైన నేను వద్దన్న పాత ముఖమే సాయం చేస్తుంది. వానకు నానిన రాతి మీద నెఫెలిన్ త్వరగా అరిగి గుంటలు పడుతుంది, క్వార్ట్‌జ్ అయితే అరగకుండా ఉబికి నిలుస్తుంది. ఈ రకం రాళ్లు ఇక్కడ ఎన్నోచోట్ల ఉండటం వల్ల భూగర్భ శాస్త్రంలో 'ప్రకాశం ఆల్కలైన్ ప్రావిన్స్' అనే పేరే ఏర్పడింది. ఆల్కలైన్ అంటే సోడియం, పొటాషియం ఎక్కువగా ఉన్నవి. మన జిల్లా పేరు పరిశోధన పత్రాల్లో ఇలా నిలిచిందని మన పిల్లలకు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

నెల్లూరు వైపు గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతంలో పలుకు పరిమాణం ఇంకో కొసకు పోతుంది. అక్కడి పెగ్మటైట్ రాళ్లలో ఒక్కో పలుకు అరచేయంత, కొన్నిచోట్ల మనిషంత ఉంటుంది. మూడు సెంటీమీటర్లు దాటిన పలుకులున్న అగ్నిశిలను పెగ్మటైట్ అంటారు. దీనికి మాత్రం ఉప్పు మడి పోలిక పూర్తిగా సరిపోదు. శిలాద్రవం గట్టిపడుతుండగా చివర మిగిలిన భాగంలో నీరు బాగా ఉంటుంది. ఆ నీటివల్ల ద్రవం పల్చబడి, ఖనిజానికి కావలసిన సరుకు దూరం నుంచి కూడా వచ్చి చేరుతుంది. అందుకే తక్కువ సమయంలోనే పెద్ద పలుకులు కట్టగలవు.

కాళిచేడు, తెల్లబోడు గనుల పేర్లు పెద్దవాళ్లకు గుర్తే. అక్కడి మస్కొవైట్ మైకా లేత ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది, బీహార్ వైపు ఎర్రఛాయ మైకాకు భిన్నంగా. ఒక మైకా దిమ్మ తీసుకుని అంచులో గోరు దూర్చితే రేకు లేస్తుంది. ఆ రేకులో ఇంకో రేకు. కాగితం కన్నా పల్చబడినా ఇంకా విడిపోతూనే ఉంటుంది. వంచి వదిలితే మళ్లీ నిటారుగా లేస్తుంది. ఒకే దిక్కులో ఇంత చక్కగా చీలే గుణం వల్లే వేడిని, కరెంటును ఆపే రేకుగా ఇస్త్రీ పెట్టెల్లోకి, రేడియోల్లోకి వెళ్లింది. చిన్నప్పుడు దాన్నే కాకిబంగారం అని జేబులో దాచుకునేవాళ్లం. అదే ప్రాంతంలో దొరికే వెర్మిక్యులైట్ చూడటానికి మైకాలాగే ఉంటుంది, కానీ పొయ్యి మీద కాలిస్తే పొరల మధ్య నీరు ఆవిరై, పేలాల్లా ఉబ్బిపోతుంది. కంటికి ఒకేలా కనపడేవాటిని నిప్పు వేరు చేస్తుంది.

గట్టిదనం పరీక్ష గురించి చెప్పాలంటే మార్కాపురం పలక, బలపం కంటే మంచి ఉదాహరణ లేదు. 1812లో ఫ్రెడ్రిక్ మోస్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త పది ఖనిజాలను వరుసలో పెట్టాడు. టాల్క్ 1, వజ్రం 10. పై అంకె ఉన్నది కింది అంకె ఉన్నదాన్ని గీస్తుంది. ఆ 1 అంకె టాల్కే బలపపు రాతిలో ముఖ్యమైన ఖనిజం. మెత్తటి బలపం గట్టి పలక మీద రాసుకుని తన పొడిని వదిలిపోతుంది, ఆ పొడే అక్షరం. అక్షరాలు దిద్దిన మనందరం తెలియకుండానే గట్టిదనం పరీక్ష చేశాం. మన గోరు సుమారు 2.5, ఇనుప చాకు సుమారు 5.5, ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్‌జ్ 7. చాకుతో గీస్తే గీత పడకపోగా రాతి మీద ఇనుము గుర్తే మిగిలితే ఆ పలుకు చాకు కన్నా గట్టిది.

పలక అయ్యే రాయి ఒకప్పుడు బురద. కంభం, మార్కాపురం ప్రాంతపు ఈ రాళ్లు కడప బేసిన్ అనే, పూర్వం అవక్షేపాలు పేరుకున్న పెద్ద పల్లంలోని నల్లమల రాతి సమూహానికి చెందినవి. సముద్రం అడుగున పేరుకున్న సన్నటి బంకమట్టి గట్టిపడింది, తర్వాత భూమి పొరలు పక్కల నుంచి నొక్కుకున్నప్పుడు ఒత్తిడికి గురైంది. ఒంగోలు, కందుకూరు రైతులకు పొగాకు బేలు చూపిస్తే చాలు, ఇక వివరించక్కర్లేదు. చిందరవందరగా వేసిన ఆకులను గట్టిగా అదిమితే అన్నీ అదిమిన చేతికి అడ్డంగా పరుచుకుని, విప్పేటప్పుడు పొరలుగా లేస్తాయి. బంకమట్టిలో పుట్టిన కంటికి కనపడనంత చిన్న మైకా రేకులు కూడా అలాగే ఒకే వైపు సర్దుకున్నాయి. అందుకే పనివాడు అంచు మీద ఉలి ఆనించి మెల్లగా తడితే రాయి పుస్తకం తెరిచినట్టు చదునుగా విచ్చుకుంటుంది.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. పలక చీలే పొరలు బురద పేరుకున్న పొరలే అనుకుంటారు. అవి వేరు. బురద పొరలు పేరుకున్న నాటివి, చీలే పొరలు ఒత్తిడి నాటివి. కొన్ని స్లేటు ముక్కల మీద లేత రంగు చారలు ఏటవాలుగా పోతుంటాయి. ఆ చారలు పాత బురద పొరలు. ఒకే ముక్కలో రెండు కాలాలు ఒకదాన్నొకటి కోసుకుంటూ కనిపిస్తాయి. మట్టిరాయిని, స్లేటును వేరు చేయడానికి మళ్లీ చెవే పనికొస్తుంది. స్లేటును గోటితో కొడితే టంగుమంటుంది, మట్టిరాయి మొద్దుగా పలుకుతుంది.

వేడి, ఒత్తిడి ఇంకా పెరిగితే ఆ మైకా రేకులు పెద్దవవుతాయి. ముందు పట్టుబట్టలా మెరుపు వస్తుంది, అది ఫిల్లైట్. రేకులు కంటికి కనపడేంత అయితే షిస్టు. నెల్లూరు జిల్లా పడమటి భాగం నుంచి ప్రకాశం జిల్లాలోకి సాగే పట్టీని అందుకే నెల్లూరు షిస్టు పట్టీ అంటారు. తెలుపూ నలుపూ చారలుగా విడిపోతే నైస్. ఈ పేర్ల మధ్య గోడలు లేవు. స్లేటు ఎక్కడ ఆగి ఫిల్లైట్ ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేం. భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన విలియం కింగ్ ఈ ప్రాంతపు రాళ్లను నడిచి పరిశీలించి 1880లోనే వివరంగా రాశాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా మ్యాపు మీద ఆ గీత ఎక్కడ గీయాలన్న చర్చ ప్రతి ఫీల్డు ట్రిప్పులోనూ వస్తూనే ఉంది.

అవక్షేప శిలల గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే వాటి పద్ధతి సులువు. రేణువు పరిమాణమే ముఖ్యం. 1922లో చెస్టర్ వెంట్‌వర్త్ వేసిన కొలమానం ప్రకారం 2 మిల్లీమీటర్ల నుంచి మిల్లీమీటరులో పదహారో వంతు దాకా ఇసుక. అంతకు పైది గులకరాయి, కిందిది ఒండ్రు, ఇంకా కిందిది బంకమట్టి. గులకరాళ్లు గుండ్రంగా ఉంటే దూరం దొర్లి వచ్చినట్టు, పదునుగా ఉంటే దగ్గరలోనే రాలినట్టు. పెన్నలోనో గుండ్లకమ్మలోనో గుప్పెడు ఇసుక తీసి లెన్స్ కింద పెట్టండి. అందులో కొండల చరిత్ర ఉంటుంది.

సున్నపురాయికి మాత్రం ఆమ్లం కావాలి. ఒక చుక్క వేస్తే బుసబుసమని నురగ వస్తుంది. మన పాత ఇళ్లలో గట్టు మీద పరిచే కడప బండ సున్నపురాయే. నెల్లూరు చేపల పులుసు దాని మీద ఒలికి కాసేపు తుడవకపోతే, చింతపండు పులుపుకు పాలిష్ పోయి మొద్దు మచ్చ మిగులుతుంది. నిమ్మచెక్క పెట్టినా అంతే. చీమకుర్తి రాతిని ఆ పులుపు అలా తినలేదు. వంటింటి గట్టుకు ఏ రాయి వేయాలని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే. కొనే ముందు చిన్న ముక్క అడిగి తెచ్చుకుని, దాని మీద నిమ్మరసం వేసి రాత్రంతా వదిలేయండి.

ఇసుకరాయినీ క్వార్ట్‌జైట్‌నూ వేరు చేయడానికి విరిగిన తీరు చూస్తారు. ఇసుకరాయి విరిగితే బీట రేణువుల చుట్టూ తిరిగి పోతుంది, చేతికి గరగర తగులుతుంది. అదే రాయి రూపాంతరం చెంది క్వార్ట్‌జైట్ అయితే రేణువులు కలిసిపోయి, బీట వాటిని కోసుకుంటూ పోతుంది. నల్లమల, వెలిగొండల శిఖరాలు నిటారుగా నిలబడటానికి ఈ క్వార్ట్‌జైటే కారణం. ఒంగోలు దగ్గర కొణిజేడు కొండల్లో క్వార్ట్‌జ్ పొరల మధ్య మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజపు పొరలున్నాయి. అక్కడ జేబులోంచి అయస్కాంతం తీస్తే రాయే లాక్కుంటుంది.

ఈ పద్ధతి విలువ నాకు బాగా తెలిసింది ఒంగోలు చుట్టుపక్కల కొండల్లోని చార్నొకైట్ వల్ల. ముదురు రంగు, నూనె పూసినట్టు ఆకుపచ్చ ఛాయ, అప్పుడే విరిగిన ముఖంలో కాస్త నీలంగా కనపడే క్వార్ట్‌జ్. క్వార్ట్‌జ్, ఫెల్డ్‌స్పార్ ఉన్నాయి కాబట్టి గ్రానైట్ లాంటిదే, కానీ ఆర్థోపైరాక్సీన్ కూడా ఉంది. కోల్‌కతాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నొక్ సమాధి రాయి ఇదే రకం కావడంతో థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1893లో దీనికి ఆ పేరు పెట్టాడు. ద్రవం చల్లారి పుట్టిందా, వేరే రాయి మారి పుట్టిందా అని అప్పటి నుంచి వాదన నడుస్తూనే ఉంది. కొన్నిచోట్ల మొదటిది, కొన్నిచోట్ల రెండోది అని చాలామంది అంగీకరిస్తారు. ఇంత వాదన జరిగినా పేరు మారలేదు. పేరు కనపడే ఖనిజాల మీద నిలబడింది కాబట్టి పుట్టుక కథ ఎటు తిరిగినా అది కూలలేదు. పుట్టుకను బట్టే పేరు పెట్టి ఉంటే ఈపాటికి ఎన్నిసార్లు మార్చేవాళ్లమో.

కంటితో, లెన్స్‌తో పెట్టిన పేరు తాత్కాలికమే. రాతి నుంచి చిన్న చెక్క కోసి, గాజు మీద అతికించి, 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీస్తే నల్లటి రాతిలోంచి కూడా వెలుగు దాటిపోతుంది. అప్పుడు మైక్రోస్కోపు కింద ఒక్కో ఖనిజం తన రంగులు చూపిస్తుంది. ఫీల్డులో పెట్టిన పేరు అక్కడ నిలవనూ వచ్చు, మారనూ వచ్చు. మారితే సిగ్గుపడాల్సింది లేదు. చూసింది సరిగ్గా రాసి ఉంటే కొత్త పేరు ఆ రాతలోంచే వస్తుంది.

మొన్న ఆ పాలిషింగ్ ఫ్యాక్టరీ వాళ్లమ్మాయే ఒక సంచిలో ఏదో బరువుగా మోసుకొచ్చింది. వాళ్ల అమ్మమ్మ సన్నికల్లు పొత్రం. ఇల్లు మారేటప్పుడు కిందపడి ఒక కొస పెచ్చు లేచిందట. "దీని పేరేంటి సార్?" అంది. నువ్వే చెప్పమన్నాను. బెంచీ మీద పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. నోటుపుస్తకంలో ఇలా రాసింది. పెచ్చు లేచిన ముఖం నలుపు మీద కాస్త ఆకుపచ్చ. ఆమ్లం వేస్తే నురగ లేదు. చాకు గీత పడలేదు. చారలు, పొరలు లేవు. లెన్స్‌తో చూస్తే సన్నటి లేత పుల్లల్లాంటి పలుకులు, వాటి మధ్య ముదురు పలుకులు, అల్లుకుపోయి ఉన్నాయి. క్వార్ట్‌జ్ కనపడలేదు. పరిమాణానికి మించిన బరువు. అయస్కాంతం బలహీనంగా లాగుతోంది.

చివర పేరు దగ్గర 'డాలరైట్' అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. ఆ ప్రశ్నార్థకం తీసేయాలంటే కొంచెం కోసి మైక్రోస్కోపు కింద చూడాలని చెప్పాను. పొత్రాన్ని చేత్తో ఒకసారి నిమిరి, "వద్దులెండి సార్, అమ్మమ్మ ఇంకా దీంతోనే నూరుతుంది" అని సంచిలో పెట్టుకుంది.